పడుగు కాడ తనిఖీ

బేస్తవారం తెల్లారి ఎండొచ్చింది. పన్నెండు దినాలు విడవకుండా పట్టిన ముసురు తర్వాత, హంద్రి ఏటి అవతలి గట్టు మీద తోమిన చెంబు మాదిరి సూర్యుడు తేలినాడు. సాలెదొడ్డి ఊరంతా వీధిలోకొచ్చి రెండు చేతులెత్తి మొక్కింది. ఒక్క జ్ఞానమణి మాత్రం బడి గడప మీద నిలబడి, "ప్రభువా, ఇంకొక్క దినం ఆగింటే నీ సొమ్మేం పోయేది!" అని పైకే అనేసింది.

ఎండ మీద అంత కోపమెందుకంటారా? చెప్తా.

జ్ఞానమణి ఆ ఊరి జిల్లా బోర్డు బడికి పంతులమ్మ. నంద్యాలలో ట్రైనింగు చేసి, ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, వాటికి మించిన మొండితనం పట్టుకుని వచ్చి రెండేండ్లాయె. ఆమెకు ముందున్న అయ్యవారు నెలకొకసారి వచ్చి, రిజిస్టరులో అందరికీ హాజరు వేసి, వచ్చిన దోవనే పోయేవాడు. ఆయన కాలంలో కాగితం మీద బడి దివ్యంగా ఉండె. ఈ పిల్ల వచ్చి ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టినాకనే సర్కారు కంటికి బడి చెడిపోయింది. చూడండి మరి, నిజం చెప్పేవాళ్ళ గతి!

ఉన్నదేమంటే, పది గంటలకు బడి గంట కొడితే వచ్చేది ఎనిమిదిమందే. సాలెదొడ్డిలో ముప్పాతిక ఇండ్లు మగ్గం ఇండ్లు. మగ్గమెక్కాలంటే ముందు పడుగు తయారు కావాల. నిలువు నూలును వీధి పొడుగునా సాచి, జొన్నగంజి పట్టించి, కుంచెతో దువ్వి, తెగిన పోగులు ముడేసి, ఆరినాక చుట్టాల. పదిమంది చేతులు పడితే గాని అయ్యే పని కాదది. అందులో సగం చేతులు పిల్లోళ్ళవే, పోగును దొరకబుచ్చుకోవాలంటే సన్న వేళ్ళు కావాల కదా. గంజి పెట్టినాక నడుమ ఆపితే పోగులన్నీ కరుచుకుపోయి పడుగు కాస్తా పలుపుతాడైపోతాది. కాబట్టి గంట కొట్టినా, ఉరుమురిమినా, ఇంట్లో కాన్పవుతున్నా సరే, పడుగు వదిలి ఎవరూ కదలరు.

మొదటి నెలంతా గంట కొట్టి కొట్టి జ్ఞానమణి చెయ్యి వాచింది. రెండో నెల, "మీరు బడికి రాకుంటే బడే మీ కాడికొస్తాది, యాడికి పోతారో చూస్తా" అని తెల్లారేసరికి పుస్తకం పట్టుకుని వీధిలోకి దిగింది. పిల్లోళ్ళు పడుగుకు అటూ ఇటూ నడుస్తుంటే ఆమె కూడా నడిచింది. ఎక్కాలు పోగులమీదే, వాచకం నడకలోనే. మధ్యాహ్నం కండెలకు నూలు చుట్టడం అయినాక రెండు గంటలు బడిలో కూర్చోబెట్టి పలకమీద రాత. అట్లా ముప్పై ఒక్కమంది అక్షరాల్లో పడినారు. అయితే ఏం లాభం? రిజిస్టరులో పడుగుకు గడి లేదు. పది గంటలకు బడి కప్పు కింద ఎవరుంటే వాళ్ళకే హాజరు. ఆమె రోజూ ఎనిమిదీ ఎనిమిదీ అని రాసుకుంటా వచ్చె.

ఇంకేముంది, బోర్డు నుంచి కాగితం దిగింది. మీ బడి వెనకబడిన బడుల జాబితాలో చేరింది, ఫలానా బేస్తవారం డిప్యూటీ ఇన్స్పెక్టరు తనిఖీకి వస్తారు, ఇరవై ఐదుమందికి తక్కువ కాకుండా హాజరుండాల, నాలుగో తరగతిలో నలుగురైనా చదివి లెక్క చెయ్యాల, లేనిచో నెలాఖరుకు బడి ఎత్తివేయబడును. 

ఎత్తేస్తే జ్ఞానమణికి ఇంకో ఊరు ఇస్తారు. ఈ ముప్పై ఒక్కరికి ఇంకో బడి ఎవరిస్తారు? దగ్గరున్న బడి కోడుమూరులో, ఆరు మైళ్ళు. నేతగాళ్ళ పెద్దదిక్కు భీమక్క మనవరాలు ఓబులమ్మ సాలెదొడ్డిలో నాలుగో తరగతి దాకా వచ్చిన మొట్టమొదటి ఆడపిల్ల. ఆ పదేండ్ల పిల్ల రానూ పోనూ పన్నెండు మైళ్ళు నడుస్తాదా? మళ్ళీ కండెలే, మళ్ళీ గంజే.

ఆ ఊర్లో భీమక్క మాట లేనిదే ఎవరూ పడుగు సాచరు. ముసలామె గంజి వేలికి రాసుకుని పాకం చెప్పగలదు, మబ్బు చూసి వాన చెప్పగలదు. కాగితం వచ్చిన రోజే ఆమె జ్ఞానమణి చేతిలో చెయ్యేసి చెప్పింది: "బేస్తవారం ఈ వీధిలో ఒక్క పడుగు సాస్తే నా పేరు భీమక్కే కాదు. పిల్లోల్లందరినీ తలకు నూనె రాసి నేనే తోలుకొస్తా. నువ్వు నిమ్మళంగా నిద్దరపో పంతులమ్మా."

ఆ మర్నాడే ముసురు పట్టింది. పన్నెండు దినాలు. సరిగ్గా తనిఖీ రోజు తెల్లారి వెలిసింది!

ఎండ చూసి చూడగానే భీమక్క బడికాడికొచ్చింది. ఒంటి చేత్తో గంజికుండ పట్టుకుని, తల దించుకుని నిలబడింది.

"పంతులమ్మా, నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్. మాట తప్పతాండా."

"అవ్వా, చేతిలో చెయ్యేసినావే!"

"ఏసినా. ఏడిండ్ల నూలు బూజు పడతాండాది తల్లీ. ఈ దినం గంజి పట్టకపోతే ఏడు మగ్గాలూ నిలబడిపోతాయి. ఈ ఎండ రేపుంటాదని ఎవరు చెప్పినారు? పిల్లోల్లు లేకుండా ఏడు పడుగులు ఎట్లా సాచేది, నువ్వే చెప్పు."

"మీ పడుగులు బతుకుతాయి, నా బడి చస్తాది. సాచుకోండి, పోండి!" అని జ్ఞానమణి విసురుగా లోపలికి తిరిగింది. తిరిగిందే గాని కండ్లలో నీళ్ళు ఆగలేదు. 

భీమక్క గడప దాటకుండానే అంది, "నా మనవరాలు కూడా నీ బడిలోదే కదమ్మా. నాకు నొప్పి లేదనుకుంటివా?" ఆ మాటతో జ్ఞానమణి కోపం కూడా చల్లారిపోయింది. ఎవరిని తిట్టాల? ఎండనా?

అంతవరకూ ఎదురింటి అరుగు మీద కూర్చుని అన్నీ వింటున్నాడు పెద్ద ఈరన్న. ఊరికి పెద్ద మనిషి. మంచోడే పాపం, కాకపోతే ఎవరికైనా కష్టమొస్తే ఆయన సాయం చేస్తాడు, ఆ సాయంతో కష్టం రెండింతలవుతాది. ఆయన పంచె దులుపుకుని లేచినాడు.

"నువ్వు గమ్మునుండు పంతులమ్మా. పిల్లోల్లే కదా ఆ వచ్చేవానికి కావాల్సింది? నేను చూసుకుంటా పో."

నాలుగు పడుగుల కాడ బతిమాలి ఒక పదిమందిని పిలుచుకొస్తాడేమో అనుకుంది ఆమె. దేవుడా, అదే నిజమై ఉంటే ఈ కథే లేదు.

పది గంటలకు ఎద్దులబండి ఊరు చేరింది. జ్ఞానమణి పొలిమేరదాకా ఎదురుపోయింది. డిప్యూటీ ఇన్స్పెక్టరు వెంకటేశ్వర్లు గారు సన్నగా, పొడుగ్గా, ఆ ఎండలో కూడా గోధుమరంగు కోటు గుండీలన్నీ పెట్టుకుని దిగినారు. మొగం చూస్తే పచ్చి చింతకాయ కొరికినట్టుండె. దారిలో ఆయన అన్నది ఒక్కటే మాట: "ఈ నెలలో మీది తొమ్మిదో బడి. ఆరు ఎత్తెయ్యమని రాసినాను."

ఏడోది నాదే అనుకుంటా ఆమె బడిలోకి అడుగు పెట్టింది. పెట్టి కొయ్యబారిపోయింది.

బడి నిండా పిల్లోళ్ళు! నాలుగు వరుసల్లో బాసింపట్లు వేసుకుని, తలలకు నూనె కారుతూ, గుడ్లు మిటకరించి కూర్చున్నారు. ఇరవై ఆరుమంది. అందులో ఒక్కరూ ఆమె పిల్లోళ్ళు కాదు. తలుపు వెనక పెద్ద ఈరన్న మీసం దువ్వుకుంటా ఆమెకేసి కన్ను కొట్టినాడు. గుట్ట కింద కురువల దొడ్డి ఉంది. అక్కడ గొర్లు, మేకలు కాసే పిల్లోళ్ళను పొద్దున్నే పట్టుకొచ్చి, తలా ఒక పేరు నేర్పించి కూర్చోబెట్టినాడు మహానుభావుడు!

"హాజరు పిలవండి" అన్నారు ఇన్స్పెక్టరు గారు.

జ్ఞానమణి రిజిస్టరు విప్పింది. నోరు మూసుకుంటే బడి నిలబడతాది. పిలిచింది.

"రామసుబ్బమ్మ."

ముందు వరుసలో ఎర్ర లంగా పిల్ల లేచి, "వచ్చినా!" అని గొర్రెల్ని అదిలించినట్టు అరిచింది. 

"గురప్ప."

ఇద్దరు లేచినారు. ఒకడినొకడు చూసుకున్నారు. ఇద్దరూ కూర్చున్నారు. ఇన్స్పెక్టరు గారి పెన్సిలు ఆగింది.

మూడో పేరు ఆమె పిలవలేదు. రెండేండ్లు ఎనిమిది అని రాసిన చేయి అది. ఆ ఎనిమిదిలో అబద్ధం లేదు. ఇప్పుడు ఈ ఇరవై ఆరు వేసుకుంటే, రేపట్నుంచి ఓబులమ్మకు ఏ మొగం పెట్టుకుని నిజం చెప్పమని చెప్తాది? రిజిస్టరు టపీమని మూసింది.

"అయ్యా, వీళ్ళు నా పిల్లోళ్ళు కారు. నా పిల్లోళ్ళు ముప్పై ఒక్కమందీ, రోజూ వచ్చే ఆ ఎనిమిదిమందితో సహా, వీధిలో పడుగు కాడ ఉండారు. ఈ కప్పు కింద ఈ దినం హాజరు సున్నా. అదే రాసుకోండి."

తలుపు వెనక పెద్ద ఈరన్న నెత్తి కొట్టుకున్న చప్పుడు అందరికీ వినపడింది. ఇన్స్పెక్టరు గారు ఆమెను తేరిపార చూసి, పుస్తకం తీసి, ఏదో రాసి, గొడుగు అందుకున్నారు. 

"అయితే అయిపోయినట్టే. బండి కట్టించండి."

అయిపోయింది. అంతే.

అప్పుడు వీధిలోంచి భీమక్క గొంతు ఊరు అదిరేటట్టు లేచింది: "మేకలో! పడుగుల మింద మేకలో!"

పిల్లోళ్ళను తెచ్చినాడే గాని, వాళ్ళ మేకలను ఎవరు కాస్తారని పెద్ద ఈరన్న అనుకోనే లేదు. బడి వెనక కంచెలో వదిలేసిన నలభై మేకలకు జొన్నగంజి వాసన తగిలింది. ఇంక ఆగుతాయా అవి!

ఎర్ర లంగా పిల్ల ఎగిరి లేచింది. "నా మేకలు!" అంటా ఇన్స్పెక్టరు గారి చంక కిందనుంచి దూరి బయటపడింది. దాని వెనక ఇరవై ఐదుమందీ. హాజరు లేదు, తనిఖీ లేదు, బడి ఖాళీ. జ్ఞానమణి కొంగు దోపుకుని పరుగెత్తింది. ఏం జరుగుతాందో అర్థం కాక ఇన్స్పెక్టరు గారూ గొడుగుతోటే పరుగెత్తినారు.

వీధి చూడాల అప్పుడు! ఏడు పడుగులు తెల్లగా తడిగా సాచి ఉండాయి. మొదటిదాన్ని మేకలు నాకుతాండాయి, ఒకటి నమలతాండాది, ఒకటి కింద దూరి కొమ్ములు ఇరికించుకుని తన్నుకుంటాండాది. పోగులు టప్ టప్ మని తెగుతాండాయి. 

"ఎవరూ వదలొద్దు! చెయ్యి తీస్తే పడుగు పోతాది! ముడేస్తా నడవండ్రా!" అని భీమక్క అరుపులు. 

ఎర్ర లంగా పిల్ల నాలుక మడిచి ఒక కూత కూసింది. సగం మేకలు చెవులు నిక్కించి నిలబడినాయి. ఇరికిన పోతు కొమ్ములు పట్టుకుని, ఒక్క పోగు తెగకుండా మెడ తిప్పి బయటికి లాగింది. కురువ పిల్లోళ్ళు మిగిలిన వాటిని చెవులు పట్టి, తోకలు పట్టి ఈడ్చినారు. అంతలో ఇంకో మేక తగిలి పడుగు చివరనున్న గుంజ ఊడింది. చివర కర్ర కింద పడబోతాంది. మట్టిలో పడిందా, ఆ ఇంటికి నెల కష్టం బూడిదే. దగ్గరగా ఉన్న మొగమనిషి ఒక్కడే.

"ఓ కోటాయనా! అట్లా గుడ్లప్పగించి చూస్తావేమప్పా? పట్టు!" అని కసిరింది భీమక్క.

డిప్యూటీ ఇన్స్పెక్టరు గారి గొడుగు ఎటో ఎగిరిపోయింది. ఆయన రెండు చేతులా కర్ర పట్టి, కాళ్ళు బారచాపి, వెనక్కి వాలి పడుగంతా ఒంటిమీద ఆపుకున్నారు. "వదలొద్దు! గుంజ మళ్ళీ పాతేదాకా కదలొద్దు!" అంది ముసలామె. ఆయన కదల్లేదు. ఆయన మోచేతుల దాకా గంజి కారింది. ఊరు నవ్వాలో ఏడ్వాలో తెలియక నిలబడింది.

మేకలు పోయినాక వీధిలో ఒక సద్దు మిగిలింది. పిల్లోళ్ళు పడుగుకు రెండు పక్కలా నడుస్తా, వేళ్ళు పోగుల మీద, నోరు ఎక్కాల మీద. అలవాటు కదా, ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టేసినారు. పన్నెండొకట్ల పన్నెండు, పన్నెండు రెండ్ల ఇరవై నాలుగు. ఇన్స్పెక్టరు గారు తల ఎత్తినారు.

"ఏయ్ పాపా," అని ఎదురుగా ముడేస్తున్న ఓబులమ్మను పిలిచినారు, "ఈ పడుగులో పోగులెన్ని?"

ఓబులమ్మ చెయ్యి ఆపలేదు. "పద్దెనిమిది పుంజాలు సామీ. పుంజానికి నూటిరవై పోగులు. రెండువేల నూట అరవై. మేక పదహారు తెంపింది. తొమ్మిది ముడేసినాము, ఇంకా ఏడుండాయి."

"రెండువేల నూట అరవైలో పదహారు పోతే?"

"రెండువేల నూటనలభై నాలుగు. అయినా పోనీము కదా సామీ, ముడేస్తాము కదా!"

ఆ చింతకాయ మొగంలో ఏదో కదిలింది. ఆయన గొంతు సవరించుకుని, "నా కోటు జేబులో పేపరుంది. తియ్యండి. వాళ్ళతో చదివించండి" అన్నారు. 

జ్ఞానమణి పేపరు విప్పి పట్టుకుని పడుగు పక్కన వెనక్కి వెనక్కి నడిచింది. ఓబులమ్మ పోగు ముడేస్తా, నడుస్తా, వానల వార్త చదివింది. గురప్ప, అసలైన గురప్ప, జొన్నల ధర చదివినాడు. రామసుబ్బమ్మ, అసలైనది, రైలు వేళలు చదివింది. నాలుగోవాడు చిన్నన్న ఒక పొడుగు మాట కాడ ఆగి, నీళ్ళు నమిలి, కూడబలుక్కుని దాన్నీ గట్టెక్కించినాడు. ఊరు ఊరంతా "సెబాస్!" అని అరిచింది. తమ పిల్లోళ్ళు ఇంత చదువుతారని ఆ తల్లులకూ అప్పుడే తెలిసింది మరి!

గుంజ పాతినారు. ఇన్స్పెక్టరు గారు అరుగు మీద కూలబడి, గంజి గడ్డకట్టిన చేతులతో తనిఖీ పుస్తకం విప్పినారు. భీమక్కకు అప్పటికి ఆయనెవరో తెలిసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మనవరాలి వెనక దాక్కుంది. పెద్ద ఈరన్న వచ్చి తలగుడ్డ తీసి నిలబడినాడు. "దొరా, దొంగ పిల్లోల్లను కూర్చోబెట్టింది నేను. పంతులమ్మకు తెలవదు. రాసేదేదో నా పేరున రాయండి."

"రాస్తాను" అన్నారు ఆయన కటువుగా. రాసినారు కూడా. తర్వాత జ్ఞానమణికేసి తిరిగి, "నియమంలో హాజరు అంటే బడి వేళకు బడిలో ఉండడం. వీధిలో ఉండడం కాదు" అన్నారు. "సరే, ఈ పది గంటల వేళ ఎవరు పెట్టినారు?"

"నేను రాకముందునుంచీ ఉందయ్యా."

"ఊరి పనిని బట్టి బడి వేళ మార్చుకోవచ్చు. మార్చే అధికారం నాకుంది. రెండేండ్లు ఉన్నదున్నట్టు రాసినారు, సంతోషం. వేళ మార్చండని ఒక్క అర్జీ ఎందుకు రాయలేదు?"

సర్కారును అడగొచ్చని జ్ఞానమణికి ఏనాడూ తోచలేదు. నిజం రాస్తే చాలనుకుంది.

"పడుగు దినాల్లో బడి మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. ఈ దినం కూడా అంతే. రెండింటికి గంట కొట్టండి, ఎవరొస్తారో నేనే కూర్చుని లెక్కపెడతా."

రెండింటికి ముప్పై ఒక్కమందీ వచ్చినారు, చేతులకు గంజి ఎండిపోయి. ఆయన ఒక్కొక్కరి తలా తాకి లెక్కపెట్టి, పుస్తకంలో ముప్పై ఒకటి వేసి, కింద సంతకం చేసినారు. జ్ఞానమణి ఆ అంకెను కండ్లార చూసుకుంది. బడి నిలబడింది!

వెళ్ళబోతా ఆయన కిటికీ కాడ ఆగినారు. బయట మేకల నడుమ నిలబడి ఎర్ర లంగా పిల్ల లోపలికి తొంగి చూస్తాంది.

"వీళ్ళకు బడి యాడుంది?"

"యాడా లేదయ్యా."

"నీ పేరేమమ్మా?"

"రామసుబ్బమ్మ!" అంది పిల్ల ఠక్కున, నేర్పిన పాఠం మరవకుండా. వెంటనే నాలుక కరుచుకుని పెద్ద ఈరన్న వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. "ఉరుకుందమ్మ" అంది అప్పుడు మెల్లగా.

"రాసుకోండి పంతులమ్మా. ఇరవై ఆరుమందినీ, వాళ్ళ సొంత పేర్లతో. నెలరోజులు వాళ్ళు నిజంగా వస్తే ఇది యాభై ఏడుమంది బడి. రెండో టీచరును ఇమ్మని నేనే బోర్డుకు రాస్తాను." బండెక్కుతా భీమక్క వైపు తిరిగి, "ఏమవ్వా, కోటాయన పడుగు సరిగ్గా పట్టినాడా?" అన్నారు. ముసలామె కొంగులోంచి, "పట్టినావులే నాయనా, కొంచెం వంకర" అంది.

మర్నాడు రెండింటికి జ్ఞానమణి గంట కొట్టింది. సాలె పిల్లోళ్ళు వచ్చినారు. కురువ పిల్లోళ్ళు మాత్రం ఒక్కరూ కనపడలేదు. ఒక్క దినం ముచ్చటేలే అనుకుని, మనసు చివుక్కుమన్నా ఆమె రిజిస్టరు తెరిచి పిలుచుకుంటా పోయింది. ముప్పై ఒకటో పేరు దాటి కొత్త పేజీకి వచ్చింది.

"ఉరుకుందమ్మ."

జవాబు లేదు. ఇంకోసారి పిలిచింది. గడప అవతల గోడకు ఆనుకుని కూర్చున్న ఎర్ర లంగా లేచింది. దాని వెనక వరసగా ఇరవై ఐదు తలలు లేచినాయి. మేకలన్నీ కంచెకు కట్టేసి ఉండాయి, ఓబులమ్మ నేర్పిన ముడితో.

"నన్నేనా పంతులమ్మా పిలిచేది?"

"నిన్నే, తల్లీ."

"నా పేరే రాసుకున్నావా?"

"నీ పేరే."

పిల్ల గడప దాటి లోపలికొచ్చి, ముందు వరుసలో చోటు చూసుకుని నిలబడి, ఊరంతా వినేటట్టు, "వచ్చినా!" అంది.